కౌల్ బజారు కబుర్లు: నీలం లేని నీలిహాలు

పోయిన సంచికలో "స్టాక్‌హోం సంగతులు వచ్చే నెల" అని ఒక్క ముక్క రాసి తప్పించుకున్నాము. అది మొదలు దారిన పోయేవారు మమ్మల్ని ఊరికే పోనిస్తే ఒట్టు. మార్కెట్టులో వంకాయలు బేరమాడుతుంటే ఒకరు, మంగలి దుకాణంలో గడ్డానికి సబ్బు పూసుకొని కూర్చుంటే ఇంకొకరు, "ఏమండీ, ఆ ఊరి మాట ఎందాకా వచ్చింది?" అని అడిగినవారే. అప్పు తీర్చక తప్పదు. అయితే ఒక్క మనవి. ఈ నడుమ మా మనవడూ, వాని భార్యా, ఏడేండ్ల కూతురూ సెలవులకు ఇక్కడికి వచ్చి మూడు వారాలుండి పోయినారు. దానితో ఆ ఊరి కథలో మన ఊరు కలిసిపోయింది. విడదీసి చెప్పడం మా చేత కాలేదు. పాఠకులు సర్దుకోవలెను.

మేము అక్కడికి పోయినది జ్యేష్ఠమాసంలో. రాత్రి పదిగంటలు దాటినా ఎండ వాకిట్లోనే ఉన్నది. పొద్దుగూకితే గాని అన్నం ముందు కూర్చోని అలవాటు మాది. మొదటి రాత్రి ఆకలితో కిటికీ దగ్గర కాచుకొని కాచుకొని, చివరకు సిగ్గు విడిచి ఎండలోనే రాత్రి భోజనం ముగించినాము. మెలారెన్ అనే పెద్ద చెరువు బాల్టిక్ సముద్రంలో కలిసేచోట పద్నాలుగు దీవుల మీద కట్టిన ఊరు అది. ఎటు తిరిగినా వంతెన, ఎటు చూచినా నీళ్ళు. చెంబెడు నీళ్ళను లెక్కపెట్టి వాడుకొన్న బళ్ళారివాళ్ళకు అన్ని నీళ్ళు ఒక్కచోట కనబడితే సంతోషంకంటె ముందు అసూయ పుడుతుంది.

మనవడు మొదటి రోజే సూత్రం చెప్పినాడు. "తాతా, ఊరిని మూడు విధాల చూడాల. వాళ్ళు కట్టుకున్నది చూడాల, తినేది తినాల, ఆడేది పాడేది వినాల. తక్కినదంతా ఫోటోలకే." సరే, వాడు చెప్పినట్టే నడిచినాము.

కట్టినవాటిలో మొదట చూపినది నగర మందిరం. మన మునిసిపల్ ఆఫీసు వంటిదే, కాని చూస్తే కోటలాగున్నది. రాగ్నర్ ఓస్ట్‌బెరి అనే శిల్పి గీసిన పటం ప్రకారం 1911లో మొదలుపెట్టి 1923లో ముగించినారు. ఎనభై లక్షలదాకా ఎర్ర ఇటుకలు పట్టినవట. గోపురం 106 మీటర్లు. దాని లోపల ఉన్నది 'నీలిహాలు'. ఏటా డిసెంబరు 10న నోబెల్ బహుమతులు పొందినవారికి విందు చేసేది ఆ హాల్లోనే. మేము లోపలికి పోయి నీలం ఎక్కడ అని నాలుగు గోడలూ వెదకినాము. ఒక్క గోడా నీలం కాదు, అంతా ఎర్ర ఇటుకే! సంగతేమంటే, ఇటుకమీద గారచేసి నీలం పూయవలెనని ఓస్ట్‌బెరి ముందు అనుకున్నాడు. గోడలు లేచిన తరువాత ఇటుక అందం చూచి మనసు మార్చుకున్నాడు. రంగు పోయింది, పేరు నిలిచింది. మాకు ఆ మనిషి మీద గౌరవం కలిగింది. పని సగంలో ఉండగా ముందు చెప్పినది తప్పని ఒప్పుకోగల మేస్త్రీలు ఎందరున్నారు? మా ఇంటి మేడ కట్టినాయన ఒప్పుకోలేదు. ఆ మెట్లు ఈనాటికీ దూలానికి నెత్తి కొట్టుకుంటూనే ఎక్కుతాము.

రెండోది వాసా. ఇది ఊరు కాదు, ఓడ. గుస్తావ్ అదోల్ఫ్ రాజు 64 ఫిరంగులతో దాన్ని కట్టించినాడు. 1628 ఆగస్టు 10న రేవు విడిచి మైలు దూరమైనా పోకముందే, ఊరి జనమంతా చూస్తుండగా, గాలి తగిలి ఒరిగి మునిగిపోయింది. అడుగు ఇరుకు, మీద బరువు ఎక్కువ. విచిత్రమేమంటే బయలుదేరకముందే పరీక్ష చేసినారు. ముప్పైమందిని పైతట్టు మీద ఈ పక్కనుంచి ఆ పక్కకు పరుగెత్తించినారు. మూడు పరుగులకే ఓడ ఊగిపోతుంటే, చాలు చాలని ఆపించినారు. ఆపించినారే గాని ఓడను ఆపలేదు. రాజుగారు తొందరపడుతున్నారు మరి. మునిగిన తరువాత విచారణ జరిగింది. పటం వేసిన పెద్ద వడ్రంగి అంతకుముందు సంవత్సరమే చనిపోయినాడు. కొలతలు రాజుగారు ఒప్పుకున్నవే. చివరికి ఎవరికీ శిక్ష పడలేదు. 333 ఏండ్లు నీళ్ళ అడుగున ఉన్న ఓడను 1961లో పైకి తీసినారు. ఇప్పుడు దానికోసమే ఒక పెద్ద ఇల్లు కట్టి నిలబెట్టినారు. తమ తప్పును అంత ఖర్చు పెట్టి, టిక్కెట్టు పెట్టి చూపించే జనాన్ని మేము ఎక్కడా చూడలేదు.

ఆ ఓడ కథ మునిమనవరాలి తలలో ఉండిపోయింది కాబోలు. ఇక్కడికి వచ్చిన మూడోనాడు కోట చూపడానికి తీసుకుపోయినాము. మన బళ్ళారి గుడ్డ కథ పాఠకులకు తెలిసినదే. మీది కోట హనుమప్ప నాయకునిది. హైదరాలీ వచ్చి దాన్ని బాగుచేయించి, కింద ఇంకొక కోట కట్టించినాడు. పని చేయించినది ఒక ఫ్రెంచి ఇంజనీరు. అంతా ముగిసిన తరువాత చూస్తే, పక్కనున్న కుంబార గుడ్డ ఈ గుడ్డకంటె ఎత్తు! శత్రువు దానిమీద ఫిరంగి పెడితే ఈ కోట పని సరి. హైదరాలీ కోపంతో ఆ ఇంజనీరును కోట వాకిలి దగ్గరనే ఉరి తీయించినాడని చెబుతారు. తూర్పు వాకిలి దగ్గర ఉన్న గోరీ అతనిదేనని కొందరు, కాదు అది ఒక ఫకీరుదని కొందరు.

మేము ఈ కథ చిన్ననాటినుండి వందసార్లు చెప్పి ఉంటాము. పిల్ల రాతిమీద కూర్చొని కుంబార గుడ్డను చూచింది. ఈ గుడ్డను చూచింది. "పెద్దతాతా, ఆ కొండ పెద్దదని నాకే కనిపిస్తా ఉందే, ఆ రాజుకు కనిపించలేదా?" అని అడిగింది. మేము నోరు తెరిచి మూసుకున్నాము. డెబ్బై ఏండ్లుగా ఆ ఇంజనీరు తెలివితక్కువతనానికి నవ్విన వాళ్ళమే గాని, కొండను చూపి "ఇక్కడ కట్టు" అన్న వాని సంగతి ఒక్కనాడూ ఆలోచించినవాళ్ళం కాదు. అక్కడ ఎవరికీ శిక్ష లేదు, ఇక్కడ పనివానికి ఉరి. రెండు కథల్లోనూ రాజు బాగానే ఉన్నాడు.

ఇక తిండి. స్వీడన్‌వాళ్ళు రోజుకు రెండుసార్లయినా పని ఆపి, కూర్చొని, కాఫీ తాగుతూ మాట్లాడుకుంటారు. ఆఫీసుల్లో కూడా అది హక్కే. దాని పేరు 'ఫీకా'. కాఫీకి వారి పాతకాలపు పేరు కఫ్ఫి. ఆ రెండు అక్షరాలను వెనుకా ముందూ చేస్తే ఫీకా అయిందట. మా కౌల్ బజారులో ఫీకా అంటే చక్కెర లేని చప్పిడి చాయ అని మనవడికి గుర్తు చేస్తే, అక్కడి స్నేహితులకందరికీ చెప్పి నవ్వినాడు. కాఫీతోబాటు దాల్చినచెక్క పొడి వేసి చుట్టిన తీపి రొట్టె పెడతారు. బాగుంటుంది. కాని మాకు మనసుకు పట్టినది వారి ఎండురొట్టె. రై అనే ధాన్యపు పిండితో గుండ్రంగా, పలుచగా, నడుమ చిల్లి పెట్టి కాలుస్తారు. పూర్వం ఆ చిల్లిలో కర్ర దూర్చి ఇంటి కప్పు కింద వరుసగా వేలాడదీసి నెలల తరబడి తినేవారట. పండేది ఏడాదికి ఒక్కసారి, చలి ఆరునెలలు. తినక ఏం చేస్తారు? నోట్లో వేసి కొరికితే పటపటమన్నది. మా ఇంటిది ఒక ముక్క నమిలి, "ఇది మన కడక్ రొట్టె గదా! జొన్న లేదంతే" అన్నది. సంచిలోనుంచి గురెళ్ళ పొడి తీసి నూనె కలిపి పెడితే, మనవడి పక్కింటి ముసలాయన కూడా వచ్చి తిని, ఇంకొక చెంచా అడిగినాడు.

ఇక్కడ పిల్లకు ఏం పెట్టాలె? అక్కడ దానిని ఫీకాకు తీసుకుపోయేవారు గనుక ఇక్కడ పొద్దున్నే ఉగ్గానికి తీసుకుపోయినాము. కన్నడంవాళ్ళు ఒగ్గరణె అంటారు, మనం ఉగ్గాని అంటాము, తట్ట ఒకటే. బొరుగులు నీళ్ళలో ముంచీ ముంచకముందే తీసి పిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిరప తిరగవాతలో వేసి, పైన పుట్నాల పొడి చల్లి, నిమ్మకాయ పిండి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. ఒక్క క్షణం ఎక్కువ నానితే ముద్ద, తక్కువ నానితే గుటక దిగదు. బండి దగ్గర నిలబడి తినేవారిలో జీన్సు కుట్టే పిల్లలు, ఆటోవాళ్ళు, వకీలు గుమాస్తాలు, బడి అయ్యవార్లు. ఆర్డరు ఒకరు కన్నడంలో, ఒకరు ఉర్దూలో, ఒకరు తెలుగులో ఇస్తే బండి ఆయమ్మ ఎవరి మాటకు ఆ మాటతోనే జవాబు చెప్పింది. పిల్ల బజ్జీలోని మిరపకాయ పక్కన పెట్టి తక్కినదంతా తిన్నది. కూర్చొని మాట్లాడుకునే తీరిక మాత్రం అక్కడ ఎవరికీ లేదు. ఆ విషయంలో స్వీడన్‌వాళ్ళదే పైచేయి అని ఒప్పుకుంటాము.

నీలం సంగతి నడుమ విడిచినాము. ఆ ఊరి భూగర్భ రైలు చూడవలసినది. నూరు స్టేషన్లుంటే తొంబైకి పైగా స్టేషన్లలో చిత్రకారుల పని ఉన్నది. పెద్ద స్టేషనులో ఒకచోట కొండను తొలిచిన గుహ వంటి కప్పుకు తెల్ల సున్నం వేసి, దానిమీద నీలిరంగు తీగలూ ఆకులూ పాకించినారు. 1975లో పేర్ ఊలోఫ్ ఉల్ట్‌వేట్ అనే ఆయన వేసినది. పిల్ల మా చేయి పట్టుకొని ఒక మూలకు లాగి, "చూడు, వీళ్ళే ఈ స్టేషను కట్టినవాళ్ళు" అని చూపింది. నిజంగానే సుత్తులూ నిచ్చెనలూ పట్టుకొన్న పనివాళ్ళ నీడబొమ్మలు, అవీ నీలమే. రోజూ పోయివచ్చేవారికి తలెత్తితే కనబడేటట్టు వేసినారు. 'నిత్యం వాడే వస్తువు ఇంకాస్త అందంగా ఉండవలె' అని ఆ దేశంలో 1919లోనే ఒక చిన్న పుస్తకం పుట్టి పెద్ద ఉద్యమమైందట. ఆ మాట కుర్చీకీ, కంచానికీ పట్టించినారని విన్నాము గాని, గోడమీద కూలివాని బొమ్మ చూచినప్పుడు మాకు నిజంగా అర్థమైంది.

మన నీలం వేరు. ఒకప్పుడు ఈ దత్తమండలంలో నీలిమందు పండేది. కడప నీలికి సీమలో మంచి గిరాకీ ఉండేది. ఆ పంట పోయి తరాలైనా నీలం మాత్రం మా బజారును వదలలేదు. కంటోన్మెంటు ఉన్న కాలంలో సిపాయిల దుస్తులు కుట్టిన దర్జీల చేతి పనే తరువాత జీన్సు పంట్లాములకు తిరిగిందని పెద్దలంటారు. అసలు రాగిరివెట్లు కొట్టి జీన్సు పంట్లాము చేసినది కూడా ఒక దర్జీయే. అమెరికాలో జేకబ్ డేవిస్ అనే ఆయన. గుడ్డ అమ్మే లెవీ స్ట్రాసుతో కలిసి 1873లో పేటెంటు పొందినాడు. ఈనాడు మా సందుల్లో పోతే ఇంటింటా మిషను చప్పుడే. గుడ్డ బయటినుండి తాన్లుగా వస్తుంది. కటింగు మాస్టరు మడతమీద మడత పరచి ఒక్క ఊపున కోస్తాడు. ఒకరు జేబులు, ఒకరు బెల్టుపట్టీ, ఒకరు కాజాలు. కుట్టిన తరువాత వాషింగుకు పోయి వెలసి వస్తాయి. కొత్త గుడ్డను పాతదానిలా చేయడానికి అంత డబ్బు ఎందుకో మా వయసువారికి ఎవరూ చెప్పలేకపోయినారు. ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయో మాత్రం కాలువ రంగు చూస్తే చెప్పవచ్చు. నీలిహాలులో లేని నీలమంతా మా మోరీల్లో ఉన్నది! నవ్వి ఊరుకునే మాట కాదు. ఆ కాలువ పక్కనే పిల్లలు ఆడుకుంటారు. ఎరుపుకూడా తక్కువ లేదు. స్వీడన్‌లో ఫాలూన్ అనే ఊరి రాగి గనిలో మిగిలిన మట్టితో ఎర్రరంగు చేసి పల్లెల్లో ఇళ్ళకు పూసుకుంటారు. మన జిల్లాలో ఇనుపఖనిజం లారీల కాలంలో, అంటే 2011లో సుప్రీంకోర్టు గనులు ఆపించేవరకు, ఆ ఎరుపు ఎవరి అనుమతీ లేకుండా అందరి ఇళ్ళకూ తనంతట తానే పూసుకుంది.

పిల్ల వేసుకున్న జీన్సు తిరగేసి చూస్తే బంగ్లాదేశ్ అని ఉన్నది. ఇది కుట్టినది ఎవరు అని దానికి పట్టుబట్టింది. ఇది కాదుగాని ఇటువంటివి కుట్టేవారిని చూపిస్తామని పక్కసందుకు తీసుకుపోయినాము. కటింగు మాస్టరు మిషను ఆపి, ముక్కలమూట మీద దానికి చోటిచ్చినాడు. అది నీలి పెన్సిలు తీసి ఆయన నీడబొమ్మ వేసింది, అచ్చం స్టేషనులో ఉన్నట్టే. వేసి, "పేరు?" అన్నది. ఆయన చెప్పినాడు. బొమ్మకింద తెలుగులో రాయమన్నది. ఆయన తెలుగు మనకంటె బాగా మాట్లాడతాడు, చదివినది కన్నడం. కుట్టే పిల్లలు నలుగురిలో ముగ్గురిది తెలుగు ఇల్లే. వాళ్ళకూ రాదు. మా మనవడు తల గోక్కున్నాడు. వానికీ రాదు. చివరికి మేమే రాసినాము. పిల్ల ఆ అక్షరాల మీద వేలు పెట్టి, ఒక్కొక్కటి ఏదని అడుగుతూ ఇంటిదాకా వచ్చింది.

అక్కడనే మా ప్రయాణపు ఉల్లాసం కొంచెం దిగిపోయింది. మూడో సూత్రం మిగిలింది గదా, ఆడేదీ పాడేదీ. స్టాక్‌హోంలో స్ట్రిండ్‌బెరి అనే నాటకకర్త చివరి రోజుల్లో ఉన్న ఇంటికి తీసుకుపోయినారు. ఆ ఇంటి పేరు 'నీలిగోపురం'. ఆయన 1912లో పోయినాడు. ఆయన గదులను కాపాడి చూపుతున్నారు. ఆ 1912లోనే మన ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు పోయినారు. తెలుగులో విషాదాంత నాటకం రాసి, ఈ ఊళ్ళో సరసవినోదినీ సభ పెట్టి ఆడించిన మహానుభావుడు. ఆయనకు పోటీగా కోలాచలం శ్రీనివాసరావుగారి సుమనోరమ సభ. ఒకే ఊళ్ళో ఇద్దరు నాటక పితామహులు! ధర్మవరంవారి మేనల్లుడే బళ్ళారి రాఘవ. 1880లో తాడిపత్రిలో పుట్టి, ఇక్కడ వకీలుగా పేరు తెచ్చుకొని, కోలాచలంవారి 'రామరాజు చరిత్ర'లో పఠాను రుస్తుం వేషంతో దేశాన్ని ఊపినవాడు. ఆడవేషాలు ఆడవారే కట్టవలెనని పట్టుబట్టినవాడు. లండను పోయి బెర్నార్డ్ షాతో మాట్లాడి వచ్చినవాడు. 1946లో పోయినారు. రాఘవ కళామందిరం ఉన్నది గనుక పిల్లకు చూపగలిగినాము. ధర్మవరంవారి ఇల్లు ఎక్కడ అంటే, మాతోసహా అడిగిన ఐదుగురమూ ఐదు దిక్కులు చూపినాము.

1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయి, బళ్ళారి మైసూరులో కలిసింది. ఆ నాటి కోపతాపాలు ఇప్పుడు తవ్వము. కన్నడం మాకు అన్నం పెట్టింది, స్నేహితులనిచ్చింది, పిల్లల చదువునిచ్చింది. మాకు ఫిర్యాదు లేదు. అయితే మా ఇంట్లోనే మా నాయన తెలుగులో జాబులు రాసేవాడు, మేము రెండూ రాస్తాము, మా పిల్లలు కూడబలుక్కొని చదువుతారు. మనవడు తెలుగు మాటలను కన్నడ లిపిలో రాసి పంపుతాడు. లిపులు అక్కచెల్లెళ్ళు గనుక అందం చెడదు. కాని ఈ పత్రిక వాడు చదవలేడు. ఈ పుట రాస్తున్నది ఎవరికోసమని ఒక్కొక్క రాత్రి అనిపిస్తుంది.

ఇప్పుడు వినండి. స్వీడన్‌లో 1977నుండి ఒక ఏర్పాటున్నది. ఇంట్లో వేరే భాష మాట్లాడుకునే పిల్లలకు ఆ భాషను బడివారే నేర్పించవలె. ఒక మునిసిపాలిటీలో కనీసం ఐదుగురు పిల్లలు అడగవలె, తగిన పంతులు దొరకవలె, పిల్లకు భాష కొంత వచ్చి ఉండవలె. అంతే. మా మనవడుండేది స్టాక్‌హోంకు ఆనుకొన్న ఒక చిన్న మునిసిపాలిటీ. పంతులమ్మ దొరికింది, గుంటూరు ఆడపడుచు. పిల్లలు నలుగురు చేరినారు. అందులో మన పిల్ల ఒకతె. ఐదో పిల్లకోసం ఏడాదిగా చూస్తున్నారు. కౌల్ బజారులో ఐదు వందలమంది ఉండి రానిది, అక్కడ ఒక్కరు తక్కువై ఆగిపోయింది.

పోయేముందు పిల్ల పెద్దబాలశిక్ష కావాలన్నది. ఊరంతా తిరిగినాము. ఒక దుకాణదారు లేదన్నాడు, ఒకాయన అంటే ఏమిటన్నాడు. చివరికి గుంతకల్లు పోయే స్నేహితునికి చెప్పి తెప్పించినాము. గురెళ్ళ పొడి, కడక్ రొట్టెలు, బాలశిక్ష, కటింగు మాస్టరు నీడబొమ్మ, అన్నీ ఒకే సంచిలో పోయినవి. మొన్న ఫోనులో పిల్ల 'ఔ' దాకా వచ్చినానని చెప్పింది. 'ఋ' మీద తండ్రికీ దానికీ తగాదా వచ్చిందట. వాడూ పక్కన కూర్చొని దిద్దుతున్నాడని వాని భార్య చెప్పింది.

పాఠకులలో ఎవరి బంధువులైనా స్టాక్‌హోం చుట్టుపక్కల, బడి ఈడు పిల్లలతో ఉన్నట్టయితే, ఆ మునిసిపాలిటీ పేరూ పంతులమ్మ వివరాలూ పత్రిక కార్యాలయానికి రాసి తెలుసుకోవచ్చు. వచ్చే తరగతి పేర్లు చేర్చుకొనే గడువు దగ్గర పడుతున్నదట. ఒక్క పిల్ల చాలు.